మూడు గంటలు, అరవై మంది అతిథులు: లైవ్ క్యారికేచర్ పని ఒప్పుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: మీరు ఫొటో చూసి పెన్సిల్ పోర్ట్రెయిట్లు గీస్తారు, ఒక్కోదానికి గంట పైనే పడుతుంది. అవి చూసిన ఒకాయన తమ కంపెనీ వార్షికోత్సవంలో అతిథులను ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్కడికక్కడే క్యారికేచర్లు, అంటే పోలిక పోకుండా మొహాన్ని కొంచెం పెంచి గీసే సరదా బొమ్మలు, గీయమన్నారు. మూడు గంటలు, అరవై మంది, ఇంకా ఆరు వారాల టైముంది. ఒప్పుకోవాలా, అంత వేగం వస్తుందా, ఏం తీసుకెళ్ళాలి, ఎవరైనా నొచ్చుకుంటే ఎలా, డబ్బులు ఎలా అడగాలి అన్నవి మీ సందేహాలు.

ఒప్పుకోండి. కాకపోతే అరవై మందికి కాదు, ఇరవై మందికి. ఆ ఇరవై అన్న అంకె ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే మాత్రం వెళ్ళకండి.

లెక్క చూడండి. చెయ్యి తిరిగిన వాళ్ళకి రంగు లేకుండా ఒక తల గీయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఒకరు లేచి, బొమ్మ పట్టుకుని ఫొటో దిగి, ఇంకొకరు వచ్చి సర్దుకుని కూర్చోవడానికి ఒక నిమిషం. అంటే గంటకి 12. అరవై మందికి 300 నిమిషాలు, ఊపిరి సలపకుండా ఐదు గంటలు. మూడు గంటల్లో రెండు చిన్న విరామాలు పోను నేనైనా 34 మందికి మించి గీయలేను. కొత్తవాళ్ళు ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు పెట్టుకోవాలి, అలా అయితే ఇరవై దగ్గర ఆగుతారు. అరవై మందికీ కావాల్సిందే అంటే ఇద్దరు అనుభవం ఉన్న ఆర్టిస్టులు కావాలని వాళ్ళకి చెప్పండి. ఈ లెక్క పిలిచినవాళ్ళు ఎప్పుడూ వేసుకోరు, మనమే వేసి చూపించాలి.

నేను ఈ పనిలోకి వచ్చి పన్నెండేళ్ళయింది. మొదటి నాలుగేళ్ళు ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో గీసేవాణ్ణి, తర్వాత ఇదే పని. నా మొదటి ఈవెంట్‌లో మొదటి గంటలో గీసినవి ఏడు. ఏడూ బాగా వచ్చాయి, అదే కొంప ముంచింది. బొమ్మలు చేతులు మారుతుంటే చూసినవాళ్ళంతా వచ్చి లైన్లో నిలబడ్డారు. ముప్ఫై మందయ్యారు. లైను చూసి నాకు టెన్షన్, టెన్షన్‌లో గీత వణికింది, వణికిన గీతని దిద్దబోయి ఒక్కో బొమ్మకి పన్నెండు నిమిషాలు. చివర్లో గంటన్నర నిలబడ్డ ఒకావిడకి గీయకుండానే హాలు ఖాళీ చేయమన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. పక్కనున్న పాపని ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు గీసిన ఇరవై బొమ్మల్లో ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేదు, ఆవిడ మొహం మాత్రం ఇప్పుడడిగినా గీస్తాను.

వేగం గురించి

మీరు పోర్ట్రెయిట్‌కి పెట్టే గంటలో చెయ్యి కదిలే సమయం ఎంతో ఒకసారి గమనించండి. సగానికి పైగా చూడటం, చెరపడం, అనుమానపడటంలోనే పోతుంది. షేడింగ్ ఇంకో పెద్ద ముక్క తినేస్తుంది. ఇవి తీసేస్తే మిగిలే గీతలు నిజంగానే నాలుగైదు నిమిషాల పని. కాబట్టి చెయ్యి తొందరపెడితే వేగం రాదు. ఏది గీయక్కర్లేదో ముందే తేల్చుకుంటే వస్తుంది. మొదటి రోజు నుంచే రబ్బరు పక్కన పడేయండి. పెన్సిల్ కూడా. పెన్నుతో గీస్తే తప్పు గీత మీద ఇంకో గీత వేసి ముందుకు పోవడం అలవాటవుతుంది.

ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నాలుగు నిమిషాల్లో మీకు తెలియాల్సినవి సరిగ్గా ఆ రెండే. పేరడిగి, నవ్వించి, కాగితం మార్చుకునే ఆ పదిహేను సెకన్లలోనే ఈ మొహంలో ఏది పెద్దది, ఏది చిన్నది, దేని నుంచి ఏది దూరం అన్నది తేలిపోవాలి. నేను ఇంకొంచెం మోసం చేస్తాను. ఒకరిని గీస్తూనే లైన్లో ఉన్న తర్వాతి ఇద్దరినీ ఓ కంట చూస్తుంటాను. వాళ్ళు కూర్చునేసరికి సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. పైగా లైన్లో ఉన్నప్పుడు మనుషులు మామూలుగా ఉంటారు. కుర్చీలో కూర్చోగానే మొహం బిగుసుకుపోతుంది.

పెద్దదీ చిన్నదీ అని దేనితో పోల్చి అంటాం? మనసులో ఒక సగటు మొహం ఉంటుంది. పెద్దవాళ్ళలో కళ్ళు తల ఎత్తుకి సుమారు సగం దగ్గర ఉంటాయి. మొహం వెడల్పు దాదాపు ఐదు కళ్ళంత. రెండు కళ్ళ మధ్య దూరం దాదాపు ఒక కన్నంత. ఎదుటి మనిషి ఈ కొలతల నుంచి ఎటు తప్పాడో అటే ఇంకొంచెం తోయడమే క్యారికేచర్. 1985లో సుసాన్ బ్రెన్నన్ అనే ఆవిడ ఇదే సూత్రంతో కంప్యూటర్ చేత బొమ్మలు గీయించింది: సగటు మొహానికీ ఈ మొహానికీ ఉన్న తేడాని లెక్కగట్టి పెంచడం. 1987లో గిలియన్ రోడ్స్, సుసాన్ కేరీలతో కలిసి చేసిన పరిశోధనలో, తెలిసినవాళ్ళ మొహాలని ఉన్నదున్నట్టు గీసిన గీతబొమ్మల్లో కంటే ఇలా పెంచిన బొమ్మల్లోనే జనం తొందరగా గుర్తుపట్టారని తేలింది. ఈవెంట్‌లో మీ వెనక నిలబడ్డ గుంపు చేసేది కూడా ఇదే. ఇంకా నోరు గీయకముందే “అదుగో, మనవాడే” అని ఎవరో అరుస్తారు. పోలిక దిగిందని అప్పుడు తెలుస్తుంది.

నిజానికి మన మాటల్లో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. చారడేసి కళ్ళు అంటాం, ఎవరి కళ్ళూ చారెడు ఉండవు. కోటేరు ముక్కు, బూరె బుగ్గలు. అమ్మమ్మలు నోటితో గీసిన క్యారికేచర్లే ఇవన్నీ. ఎవరినైనా చూడగానే ఒక్క మాటలో ఎలా వర్ణిస్తారో మనసులో అనుకోండి. ఆ మాటే మీ మొదటి గీత.

ఒక్క చిక్కు మాత్రం కొత్తవాళ్ళందరికీ ఎదురవుతుంది. గడ్డం, అంటే చుబుకం, పెద్దదని దాన్ని పెంచుతారు, ముక్కు పొడుగని ముక్కు పెంచుతారు, జుట్టు ఎక్కువని అదీ పెంచుతారు. అన్నీ పెరిగాక ఏదీ పెరిగినట్టు కనబడదు, బొమ్మ మాత్రం కాగితం దాటిపోతుంది. మొహంలో ఉన్న చోటు ఇంతే. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించాలి. గడ్డానికి ఇచ్చింది నుదుటి నుంచి తీసుకోండి. కళ్ళు దగ్గర చేస్తే చెంపలు వాటంతట అవే వెడల్పవుతాయి.

నేను గీసే వరుస: ఎడమ కన్ను, కుడి కన్ను, ముక్కు, నోరు, అప్పుడు దవడ, చివర జుట్టు, చెవులు. కొందరు తల ఆకారంతో మొదలుపెడతారు, అదీ మంచి పద్ధతే. నాకు కళ్ళతో మొదలుపెట్టడం ఎందుకు కలిసొచ్చిందంటే, చిన్నపిల్లలు రెండు నిమిషాల తర్వాత లేచిపోయినా కళ్ళూ నవ్వూ నా దగ్గర ఉంటాయి. జుట్టు ఎప్పుడైనా గీసుకోవచ్చు. మీది ఏ వరుసైనా పరవాలేదు, రోజుకొకటి మార్చకండి. తర్వాత ఏం గీయాలి అని ఆలోచించే పని ఉండకూడదు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు వస్తే సంతోషించండి, సగం పోలిక అక్కడే దొరుకుతుంది. అయితే ముందు కళ్ళు గీసి తర్వాత ఫ్రేము తొడగండి. ఫ్రేముకీ కనుబొమకీ మధ్య ఖాళీ ఎంతుందో అందులోనే మనిషి ఉంటాడు. ముందు ఫ్రేము గీస్తే కళ్ళు ఎక్కడో అక్కడ ఇరికించాల్సి వస్తుంది.

ఆరు వారాలకి నేను చెప్పే సాధన: మొదటి రెండు వారాలు ఫొటోలు చూసి రోజుకి పది తలలు, ఒక్కోదానికి పది నిమిషాలు, ఫోన్లో టైమర్ పెట్టుకుని. గంట మోగితే సగంలో ఉన్నా ఆపేయాలి. ఆపేయడం ముఖ్యం, లేకపోతే టైమర్ అలంకారం అవుతుంది. తర్వాతి రెండు వారాలు ఎనిమిది నిమిషాలు, ఎదురుగా కూర్చున్న మనుషులు. ఇంట్లో వాళ్ళు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు. ఫొటో కదలదు, మాట్లాడదు, “అయిందా?” అని అడగదు. మనుషులతో ఆ మూడూ ఉంటాయి. చివరి రెండు వారాలు ఎవరి ఇంట్లోనైనా పదిమందిని వరుసగా, మధ్యలో లేవకుండా గీయండి, పక్కన పాటలు పెట్టుకుని. ఎనిమిదో తల దగ్గర మీ చెయ్యి ఎలా ఉందో చూడండి. మణికట్టు నొప్పి పెడితే మీరు వేళ్ళతో గీస్తున్నారని అర్థం. పొడుగు గీతలకి భుజం కదలాలి.

నొచ్చుకోవడం గురించి

మీ ప్రశ్నల్లో అసలైనది ఇదే.

క్యారికేచర్ అన్న మాట ఇటాలియన్‌లో ‘కరికారే’ నుంచి వచ్చింది, బరువు ఎక్కించడం అని అర్థం. పదహారో శతాబ్దం చివర్లో బొలోన్యా నగరంలో అన్నీబలే కరాచ్చి, ఆయన కుటుంబంలోని చిత్రకారులు సరదాకి గీసుకున్న బొమ్మలతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. తర్వాత అది పత్రికల చేతికి వెళ్ళాక ఆయుధం అయింది. 1831లో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాయన ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ మొహాన్ని బేరిపండుగా మార్చి చూపించాడు. అదే రాజుని జనం సొమ్మంతా మింగేసే రాక్షసుడిగా గీసినందుకు ఒనోరే డోమియే అనే చిత్రకారుడు 1832లో జైలుకి వెళ్ళాడు. మనలో చాలామంది బొమ్మలు నేర్చుకునేది ఈ పత్రికల దారిలోంచే. ఆ అలవాటు ఈవెంట్‌కి తీసుకెళ్ళకూడదు. డోమియే గీసిన రాజు ఆయన ముందు కూర్చోలేదు, బొమ్మ ఇంటికి తీసుకెళ్ళి గోడకి తగిలించుకోవాలని కోరుకోలేదు. మీ ముందు కూర్చున్నావిడ తగిలించుకోవాలి.

కాబట్టి నా పద్ధతి: ఆకారాన్ని పెంచుతాను, మనిషి దాచుకునేదాన్ని పెంచను. లావు, మొటిమలు, వంకర పళ్ళు, రాలిపోతున్న జుట్టు ఇలాంటివి. బట్టతలని దర్జాగా మోసేవాళ్ళూ ఉంటారు, తల మీద రెండు వెంట్రుకలు అడ్డంగా దువ్వుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. ఆ దువ్వుకోవడం చూస్తే చాలు, దాని జోలికి పోకూడదని తెలుస్తుంది. చర్మం రంగుని ఎప్పుడూ ఎక్కువా చేయకండి, తక్కువా చేయకండి. రంగు వేసేటట్టయితే చామనఛాయ నుంచి నలుపు దాకా సరిపడా షేడ్లు మీ పెట్టెలో ఉండాలి. “కొంచెం తెల్లగా వెయ్యండి” అని అడిగేవాళ్ళు వస్తారు. నేను రంగు మార్చను, చెంప మీద వెలుగు పడే చోట కాగితం ఖాళీగా వదిలేస్తాను. వాళ్ళకి అది చాలు, నాకూ అబద్ధం ఆడినట్టు ఉండదు.

“నన్ను బాగా ఏడిపించండి, నేనేం అనుకోను” అనేవాళ్ళతో జాగ్రత్త. అది ధైర్యం, అనుమతి కాదు. ఒక కంపెనీ పార్టీలో పెద్దాయన ఒకరు వచ్చి, తన కింద పనిచేసేవాళ్ళు పదిమంది చుట్టూ నిలబడి ఉండగా ఇదే మాటన్నారు. వాళ్ళు కూడా “సార్ పొట్ట గీయండి, పొట్ట!” అని కేకలు. నేను వేడెక్కి పొట్ట గీశాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. వెళ్ళేటప్పుడు బొమ్మ కుర్చీ మీదే ఉండిపోయింది. మర్చిపోయారని నేననుకోను. అప్పటినుంచి కుర్చీలో ఉన్న మనిషి మాటే వింటాను, గుంపు మాట వినను. స్నేహితురాళ్ళు నలుగురు చేరి “దాని పళ్ళ క్లిప్పులు గీయండి” అంటుంటే కూర్చున్న అమ్మాయి పెదాలు బిగించిందంటే, నా బొమ్మలో కూడా ఆ అమ్మాయి పెదాలు మూసుకునే నవ్వుతుంది.

దీనికి ఎదురు కేసు కూడా చెప్పాలి, లేకపోతే మీరు అందరినీ ఒకేలా అందంగా గీయడం మొదలుపెడతారు. ఒకాయన చెంప మీద కంటి నుంచి దవడ దాకా పెద్ద గాటు ఉంది. నేను మర్యాద అనుకుని అది వదిలేసి గీశాను. ఆయన బొమ్మ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, “ఇది ఎవరు?” అన్నారు. కోపంగా కాదు. “ఇది నాకు పాతికేళ్ళ నుంచి ఉంది, ఇది లేకపోతే నేను కాదు కదా” అన్నారు. కాగితం వెనక్కి తీసుకుని ఒక్క గీత గీశాను. ఒక్క గీతే, అంతే పోలిక వచ్చేసింది. ఇప్పుడు మచ్చలు, గాట్లు ఉన్నవి ఉన్నంతే గీస్తాను, పెంచను, తీసేయను. అనుమానం ఉంటే మెల్లగా అడుగుతాను. అడిగినందుకు ఇప్పటిదాకా ఎవరూ తప్పుపట్టలేదు.

ఇంకో సంగతి పైకి కనబడదు. మీ బొమ్మని వెనకనున్న గుంపు చూస్తుంటుంది, కూర్చున్న మనిషికి కనబడదు. గుంపు నవ్వుతుంది. ఆ మనిషికి కనబడేది మీ మొహం ఒక్కటే. మీరు కనుబొమలు ముడిచి సీరియస్‌గా చూస్తుంటే నాలుగు నిమిషాలూ వాళ్ళకి నరకం. అందుకే మాట్లాడుతూ గీయడం నేర్చుకోండి. పెద్ద కబుర్లేం అక్కర్లేదు, “మీ జుట్టు గీయడానికి భలే ఉందండీ” అంటే చాలు, మొహం వదులవుతుంది, మీకు కావాల్సిన నవ్వు వస్తుంది.

పిల్లలు, జంటలు

పిల్లల మొహంలో కళ్ళు సగానికి కింద ఉంటాయి, నుదురు పెద్దది, గడ్డం చిన్నది. ఆ కొలత తప్పితే మరుగుజ్జు పెద్దమనిషి తయారవుతాడు. గీతలు ఎన్ని తక్కువైతే అంత మంచిది, కంటి కింద వేసిన ఒక్క గీత ఐదేళ్ళు పెంచేస్తుంది. ముక్కుకి రెండు చుక్కలు చాలు. మూడేళ్ళ లోపు పిల్లలు కూర్చోరు, తల్లిదండ్రుల ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టమనండి.

జంటని గీస్తే అది రెండు తలల లెక్క, ఒకటి కాదు. లైన్లో ఒకరిగా నిలబడి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరవుతారు, చూసుకోండి. తలలు ఆనించి గీయండి, ముందున్నవారిని మొదట. ఒకరిని బాగా పెంచి ఇంకొకరిని అందంగా గీస్తే ఇంటికెళ్ళేదాకా అదే గొడవ. ఇద్దరికీ ఒకే మోతాదు.

కూర్చునే చోటు

దీని గురించి ఎవరూ చెప్పరు, ఈవెంట్ చెడేది ఇక్కడే. ఒకసారి నన్ను స్టేజీ పక్కన ఎర్ర లైట్ల కింద కూర్చోబెట్టారు. ఎర్ర వెలుతురులో తెల్ల కాగితం కూడా ఎర్రగానే ఉంటుంది, దాని మీద ఎర్రగీత కనబడదు. పెదాల రంగు పడట్లేదని మళ్ళీ మళ్ళీ వేశాను. బయటికెళ్ళి చూస్తే పదిమంది మూతికి నెత్తురు పూసుకున్నట్టున్నారు. అప్పటినుంచి బల్లకి తగిలించుకునే చిన్న తెల్ల లైటు ఒకటి నా సంచిలోనే ఉంటుంది.

స్పీకరుకి దూరం అడగండి, పేరు వినబడకపోతే మాట కలవదు. లైను నిలబడటానికి చోటు ఉండాలి, కానీ తోవకి అడ్డంగా కాదు. రెండు కుర్చీలూ ఒకే ఎత్తు ఉండాలి. వాళ్ళు కింద కూర్చుంటే మీకు నుదురు పెద్దగా కనిపిస్తుంది, పైన కూర్చుంటే ముక్కుపుటాలు కనిపిస్తాయి, తెలియకుండానే అందరికీ అదే గీస్తారు. కుర్చీని కొంచెం పక్కకి తిప్పి పెట్టండి. మొహం నేరుగా కాకుండా ముప్పావు వంతు కనబడితే ముక్కు ఆకారం గీతలోకి వస్తుంది. నేరుగా చూసే మొహంలో ముక్కు గీయడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. ఆరుబయట అయితే క్లిప్పులు నాలుగు ఎక్కువ తీసుకెళ్ళండి, గాలికి కాగితాల వెంట పరిగెత్తిన రోజు నాకూ ఉంది.

సామాను

ఏ4 కాగితం చాలు. నున్నగా, కొంచెం మందంగా ఉన్నది తీసుకోండి, అనుకున్న దానికి రెట్టింపు. గట్టి అట్ట, క్లిప్పు, నల్ల బ్రష్ పెన్నులు ఒకే రకానివి మూడు. బ్రష్ పెన్ను నొక్కితే లావు, వదిలితే సన్నం. షేడింగ్ లేని లోటు ఆ గీత తీరుస్తుంది. రంగు వేయాలనుకుంటే ముందే మీ సిరా మీద ఆ మార్కర్ పూసి చూడండి, కొన్ని కలిస్తే నలుపు పాకి మొహమంతా మసి అవుతుంది. ఆల్కహాల్ మార్కర్లు కింది కాగితానికి కూడా దిగుతాయి, మధ్యలో అట్ట ముక్క పెట్టుకోవాలి. మొదటి ఈవెంట్‌కి రంగు వద్దనే అంటాను. బొమ్మ పెట్టి ఇవ్వడానికి ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్ళండి, తడి సిరా మీద వేలు పెట్టేవాళ్ళు ప్రతి ఈవెంట్‌లో ఉంటారు.

ఐప్యాడ్ మీద గీసి ప్రింట్ ఇవ్వడం గురించి కూడా అడిగారు. పెద్ద తెరకి కలిపితే గీస్తుండగా హాలంతా చూస్తుంది, బొమ్మ ఫోన్‌కి పంపొచ్చు, రంగు తొందరగా పడుతుంది. ఇవి నిజమైన లాభాలు. కానీ కొత్తలో అక్కడ అన్‌డూ బటన్ మీ శత్రువు, ప్రతి గీతా మూడుసార్లు గీస్తారు. యంత్రం మొరాయిస్తే ప్రదర్శన ఆగిపోతుంది. రెండేళ్ళ క్రితం సగంలో నా ప్రింటర్ ఆగిపోయింది. సంచిలో కాగితాల ప్యాడ్ ఉండబట్టి మిగతా గంటన్నర పెన్నుతో గీశాను. కొందరు తమ ప్రింట్ తిరిగిచ్చి కాగితం మీద గీయమన్నారు, అది వేరే కథ.

లైను

లైనుని మీరు చూసుకోలేరు, గీయాలి కదా. నంబర్లు వేసిన ఇరవై చీటీలు చేసి నిర్వాహకుల్లో ఒకరికి ఇవ్వండి. చీటీలు అయిపోతే లైను అయిపోయినట్టే. చీటీ ఉన్నవాళ్ళు గంటసేపు నిలబడక్కర్లేదు, తిరిగొస్తారు. అయిపోయిందని చెప్పే పని ఆ మనిషిది, మీది కాదు. మీరు చెప్తే బతిమాలతారు, మీరు కరుగుతారు. లైన్లో పదిమందికి మించి ఉంటే చేతిలో క్రికెట్ బ్యాటు, వెనక మోటారు సైకిలు లాంటి కోరికలు తీర్చకండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు తింటాయి. భుజాల దాకా గీసి సంతకం పెట్టడమే. గంటకోసారి లేచి ఐదు నిమిషాలు చెయ్యి విదిలించుకుని నీళ్ళు తాగండి.

పోలిక రాని బొమ్మలు వస్తాయి. పన్నెండేళ్ళ తర్వాత కూడా నాకు పదింటిలో ఒకటి తప్పుతుంది, మీకు మూడు తప్పొచ్చు. సంజాయిషీ చెప్పకండి, “ఈ లైటులో సరిగ్గా కనబడలేదు” లాంటివి అసలు వద్దు. వాళ్ళ మొహంలో నిరాశ కనబడితే చివర్లో టైముంటే ఇంకోటి గీస్తానని చెప్పి తర్వాతి వాళ్ళని పిలవండి. సగం మంది మళ్ళీ రారు, వచ్చినవాళ్ళకి రెండోసారి తప్పకుండా బాగా వస్తుంది, అప్పటికి ఆ మొహం మీకు తెలుసు కాబట్టి. గీసిన బొమ్మలు మీ పేజీలో పెట్టుకోవాలంటే అడిగి పెట్టండి, పిల్లలవైతే తల్లిదండ్రులని అడగాలి.

డబ్బులు

ఇలాంటి చోట గంటల లెక్కన తీసుకోండి, తలల లెక్కన కాదు. తలకింత అంటే ఎవరూ రాని అరగంట మీ నష్టం, వేగం పెంచాలన్న తొందర మీది, బొమ్మ బాగాలేదని బేరమాడే గొడవ కూడా మీదే. జనం తిరిగే చోట సొంతంగా స్టాల్ పెట్టుకున్నప్పుడు తలల లెక్క సరిపోతుంది. గంట రేటు ఎంత అన్నది మీరుండే చోట ఫొటోగ్రాఫర్లు, మెహందీ పెట్టేవాళ్ళు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుంటే ఒక అంచనా వస్తుంది. వెళ్ళడం, సర్దుకోవడం, తిరిగి రావడం కలిపితే మూడు గంటల పని మీ రోజంతా తింటుంది, రేటు వేసేటప్పుడు అది లెక్కలో ఉండాలి. సగం ముందే తీసుకోండి. టైము దాటితే ఎంత అన్నది కూడా ముందే అనుకోవాలి. ఆ రాత్రి అందరూ సంతోషంగా ఉన్నప్పుడు “ఇంకో అరగంట” అంటే కాదనలేరు.

తెలిసినవాళ్ళు కదా, ఉచితంగా గీద్దామా అని ఒక లైను రాశారు. వద్దు. మొదటిసారి కాబట్టి తగ్గించి తీసుకోండి, తగ్గించామని చెప్పండి. ఉచితంగా గీసేవాళ్ళకి కుర్చీ, లైటు, చీటీలు పంచే మనిషి, ఇవేవీ దొరకవు. అది నేను చూసి చెప్తున్న మాట.

వాళ్ళకి ఈ రాత్రే పంపడానికి ఇలా రాస్తే సరిపోతుంది, అంకెలు మీవి వేసుకోండి: “మూడు గంటల్లో ఇరవై మందికి నలుపు తెలుపు క్యారికేచర్లు గీస్తాను. భుజాల వరకు, ఏ4 కాగితం మీద. జంట అంటే ఇద్దరి లెక్క. చీటీలు నేను తెస్తాను, పంచడానికి మీ వైపు నుంచి ఒకరు కావాలి. ఒకే ఎత్తు కుర్చీలు రెండు, స్పీకర్లకి దూరంగా చోటు, దగ్గర్లో కరెంటు ప్లగ్గు ఉండాలి. గంటకోసారి ఐదు నిమిషాల విరామం. సగం అడ్వాన్స్ అందాక తేదీ ఖాయం చేసుకుంటాను.” దీనికి వాళ్ళు అరవై మందికీ కావాలని పట్టుబడితే అనుభవం ఉన్న ఆర్టిస్టులని ఇద్దరిని వెతుక్కోమనండి, మీ ఇరవై మాత్రం మార్చకండి.